జొన్న నేల, ఈతచెట్టు, బీరు గ్లాసు: ప్రాంతీయ బ్రూవరీల రుచులను పోల్చే పద్ధతి, దానికి తగిన తెలుగు పదజాలం

వ్యాససంగ్రహం

హైదరాబాదు, బెంగళూరు, పుణె వంటి నగరాలలో మైక్రోబ్రూవరీలు పెరిగిన కొద్దీ ‘ప్రాంతీయ బీరు’, ‘క్రాఫ్ట్ బీరు’ అనే మాటలు వాడుకలోకి వచ్చాయి. ఒక ప్రాంతపు బ్రూవరీ బీరుకూ మరొక ప్రాంతపు బీరుకూ నిజమైన భేదం ఎక్కడ ఉంటుంది, ఆ భేదాన్ని నాలుకతో ఎలా నిర్ధారించాలి, నిర్ధారించిన దానిని తెలుగులో ఏ మాటలతో చెప్పాలి అనే ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది. సంగారెడ్డి జిల్లాలోని రాయికోడ్, జహీరాబాదు ప్రాంతాన్ని ఆధారంగా తీసుకుని, అక్కడి ఈతకల్లునూ జొన్ననూ బీరు పక్కన నిలిపి పరిశీలిస్తుంది. రుచిని తెలిపే మాటలు తెలుగులో కొరవడలేదనీ, అవి గీత వృత్తిలోనూ వంటయింటిలోనూ ఉన్నాయనీ, పానీయాన్ని మత్తుతో మాత్రమే కొలిచే అలవాటు వాటిని మరుగున పడేస్తున్నదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్రాఫ్ట్ బీరు, మైక్రోబ్రూవరీ, ఈతకల్లు, జొన్న, వగరు, త్రిక పరీక్ష, రుచిపదజాలం, రాయికోడ్.

1. ప్రవేశిక

జహీరాబాదు నుండి రాయికోడ్ వైపు సాగే నేల రెండు రంగులది. కొంత మేర ఎర్రని చెల్క, కొంత మేర నల్లరేగడి. పచ్చజొన్న, తెల్లజొన్న, కంది, పెసర ఇక్కడి తరతరాల పంటలు. చేల గట్లపైన, వాగుల వెంట ఈతచెట్లు కనిపిస్తాయి. ఇదే సంగారెడ్డి జిల్లాలో దేశంలోని పెద్ద బీరు కంపెనీల కర్మాగారాలు ఉన్నాయి. జొన్నపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1972 నుండి ఈ జిల్లాలోని పటాన్‌చెరులోనే ఉంది. జొన్న పండే జిల్లాలో బార్లీ బీరు తయారవుతున్నది. జొన్న చేను, జొన్న పరిశోధనశాల, బీరు కర్మాగారం ఇరుగుపొరుగున ఉండి కూడా ఒకదానితో ఒకటి మాట్లాడుకోని స్థితి ఇది.

తెలుగులో మద్యపానం గురించి జరిగిన చర్చ ప్రధానంగా సామాజికమైనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి వ్యాపించిన సారా వ్యతిరేకోద్యమం, 1995లో అమలైన మద్యనిషేధం ఆ చర్చకు దిశను నిర్ణయించాయి. ఆ ఉద్యమం వెనుక ఉన్న స్త్రీల అనుభవం తిరుగులేనిది. అయితే దాని నీడలో ఒక పరిణామం జరిగింది. కల్లు కులవృత్తిగా, జానపద గేయవస్తువుగా, కథావస్తువుగా పరిశోధనలోకి వచ్చినంతగా రుచిగా రాలేదు. బీరు అసలే రాలేదు. ఒక పానీయం రుచిని వర్ణించడం దానిని సమర్థించడం కాదు. పాముల విషాన్ని వర్గీకరించినవారు పాముకాటును సమర్థించలేదు కదా!

క్రాఫ్ట్ బీరు అంటే పెద్ద కర్మాగారపు ఏకరూపతకు భిన్నంగా, చిన్న పాత్రలలో, తయారుచేసేవాని నిర్ణయాలు గ్లాసులో కనిపించేటట్లు చేసిన బీరు. భారతదేశంలో ఈ ధోరణి తొలి ఉదాహరణలలో 2009లో పుణెలో మొదలైన డూలాలీ ఒకటి. తరువాత బెంగళూరు దీనికి పెద్ద కేంద్రమైంది. తెలంగాణలో 2015లో మైక్రోబ్రూవరీ నిబంధనలు రూపొందిన తరువాత హైదరాబాదులో, ముఖ్యంగా జూబ్లీహిల్స్, గచ్చిబౌలి పరిసరాలలో ఇవి వెలిశాయి. వీటిని పోల్చాలనుకునేవారు సాధారణంగా బ్రూవరీ పేరుతో మొదలుపెడతారు. అక్కడే పోలిక దారి తప్పుతుంది.

2. గ్లాసులో ప్రాంతం ఎక్కడ ఉంటుంది?

బీరుకు కావలసినవి నాలుగు: నీరు, మాల్టు, హాప్స్, ఈస్ట్. బవేరియాలో 1516లో వెలువడిన ప్రసిద్ధ శాసనం నీరు, బార్లీ, హాప్స్ అనే మూడింటినే పేర్కొంది. ఈస్ట్ పనితీరు అప్పటికి తెలియదు. ఈ నాలుగింటిలో ప్రతిదానినీ ‘ఇది ఎక్కడిది?’ అని అడిగితే ప్రాంతీయత ఎంతవరకు నిజమో బయటపడుతుంది.

మాల్టు అంటే మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం. భారతదేశంలో బార్లీ ప్రధానంగా రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హర్యానాలలో పండుతుంది. తెలుగు నేలలో అది చెప్పుకోదగిన పంట కాదు. మైక్రోబ్రూవరీలు ప్రత్యేక రకాల మాల్టును తరచుగా జర్మనీ, బెల్జియంల నుండి తెప్పించుకుంటాయి. హాప్స్ తీగకు చలికాలపు నిద్ర, వేసవిలో దీర్ఘమైన పగలు కావాలి. దేశంలో హిమాచల్‌ప్రదేశ్‌లోని లాహౌల్ వంటి చోట్ల కొద్దిగా పండుతుంది, దక్కనులో పండదు. ఈస్ట్ కూడా తరచుగా విదేశీ కంపెనీల పొట్లాలలో పొడిగా వచ్చేదే. అంటే హైదరాబాదు గోధుమ బీరు, బెంగళూరు గోధుమ బీరు ఒకే దేశపు మాల్టుతో, ఒకే కంపెనీ ఈస్ట్‌తో తయారై ఉండవచ్చు. పట్టిక మీద మాత్రం ఊరి పేరు ఉంటుంది.

ఇక మిగిలింది నీరు. బీరు చరిత్రలో ప్రాంతీయతకు అసలు ఆధారం నీరే. 1842లో చెక్ దేశపు పిల్సెన్‌లో పుట్టిన లేత బంగారు రంగు లాగర్ రుచికి అక్కడి లవణాలు అతి తక్కువైన మెత్తని నీరు ఒక కారణం. ఇంగ్లండులోని బర్టన్ నీటిలో జిప్సం లవణం అధికం. అది హాప్స్ చేదును పొడిగా, పదునుగా నిలబెడుతుంది. డబ్లిన్ నీటిలోని బైకార్బొనేట్ క్షారగుణాన్ని మాడ్చిన ధాన్యపు ఆమ్లత్వం సరిచేస్తుంది గనుక అక్కడ నల్లని స్టౌట్ రాణించింది. ఆయా ఊళ్లవారు నీటికి తగిన బీరును కనుగొన్నారు.

మన ప్రాంతంలో ఏమి జరుగుతున్నది? మంజీర తీరపు నీటికైనా, జూబ్లీహిల్స్ బోరు నీటికైనా తనదైన లవణస్వభావం ఉంటుంది. కానీ ఆధునిక బ్రూవరీ నీటిని ఆర్.ఓ. యంత్రంలో వడకట్టి లవణాలను దాదాపు తొలగిస్తుంది. తరువాత తనకు కావలసిన బీరుకు తగినట్లు కాల్షియం లవణాలను కొలిచి కలుపుతుంది. పిల్సెన్ నీరు కావాలంటే పిల్సెన్ నీరు, బర్టన్ నీరు కావాలంటే బర్టన్ నీరు. శాస్త్రీయంగా ఇది మంచి పని. ప్రాంతీయత దృష్టితో చూస్తే, ఊరు బీరులోకి ప్రవేశించే చివరి ద్వారం కూడా మూసుకున్నట్లే.

అయితే ప్రాంతీయ బ్రూవరీల మధ్య భేదమే లేదా? ఉంది. అది నేలది కాదు, నిర్ణయాలది. ఉదాహరణకు మైక్రోబ్రూవరీల పట్టికలలో సాధారణంగా కనిపించే గోధుమ బీరును తీసుకుందాం. బవేరియా పద్ధతిలో చేసిన దానికి మాగిన అరటిపండు వాసన, లవంగపు వాసన ఉంటాయి. అరటిపండునూ లవంగాన్నీ ఎవరూ కలపరు. ఆ రెండూ ఈస్ట్ పులియబెట్టే క్రమంలో పుట్టించిన పదార్థాలు. పులిసే వేళ వేడి పెరిగితే సాధారణంగా అరటి పైచేయి సాధిస్తుంది, తగ్గితే లవంగం పైకి వస్తుంది. బెల్జియం పద్ధతి గోధుమ బీరు వేరు. అందులో ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘హైదరాబాదు కంటే బెంగళూరు బాగుంది’ అనడం ఇడ్లీని దోసెతో పోల్చి ఊరికి మార్కులు వేయడం వంటిది. పోలికకు మొదటి షరతు, రెండు నమూనాలూ ఒకే పద్ధతికి చెందాలి.

3. రాయికోడ్ ఈతకల్లు: ప్రాంతం పూర్తిగా ఉన్న పానీయం

బీరులో ప్రాంతం ఎంత పలుచబడిందో తెలియాలంటే దానిని ప్రాంతం పూర్తిగా ఉన్న పానీయంతో పోల్చాలి. ఈతకల్లు అటువంటిది. గీసిన చెట్టు మొవ్వ నుండి కారిన రసం కుండలో పడుతుంది. పడిన క్షణంలో అది తియ్యని, తటస్థమైన ద్రవం. దానిలో చక్కెర పది శాతం పైనే ఉంటుంది. గాలిలోని, చెట్టు మీది, కుండ గోడలోని ఈస్ట్‌లు, బ్యాక్టీరియాలు వెంటనే పని మొదలుపెడతాయి. కుండకు సున్నం పూస్తే ఆ పని ఆగుతుంది. అప్పుడు అది నీరా. సున్నం లేకపోతే కొన్ని గంటలలోనే కల్లు. మరునాటికి ఆమ్లం పెరిగి సిర్కా దారి పడుతుంది.

ఇక్కడ మాల్టు లేదు, హాప్స్ లేవు, పొట్లంలో వచ్చే ఈస్ట్ లేదు. చెట్టు ఆ ఊరిది. సూక్ష్మజీవులు ఆ గాలివి. దీనికి సమీపమైన బీరు ప్రపంచంలో ఒకటి ఉంది. బ్రస్సెల్స్ పరిసరాలలోని సెన్ నది లోయలో తయారయ్యే లాంబిక్ అది. వేడి రసాన్ని వెడల్పాటి పాత్రలో చలికాలపు రాత్రి గాలికి తెరచి ఉంచుతారు. అక్కడి గాలిలోని, చెక్కపీపాలలోని ఈస్ట్‌లే దానిని పులియబెడతాయి. వేసవిలో చెడగొట్టే క్రిములు ఎక్కువ గనుక చలికాలంలోనే ఆ పని చేస్తారు. లాంబిక్‌ను ప్రపంచ సంపదగా గౌరవించే రుచిజ్ఞులు ఈతకల్లును ‘నాటు మందు’ జాబితాలో వేయడం వింతే. లాంబిక్ సంవత్సరాలు పీపాలో ఉంటుంది, కల్లు ఒక్క పగలు కూడా నిలవదు. సూత్రం మాత్రం ఒకటే.

గీత వృత్తివారి మాటలలో ఈ పానీయపు వర్గీకరణ సూక్ష్మంగా ఉంటుంది. ఈత వేరు, తాడు వేరు. తాటిలో పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అనే విభాగాలలో చెట్టు లింగం, గెల దశ, ఋతువు ఇమిడి ఉన్నాయి. ఒకే చెట్టులో పొద్దటి కల్లు, మాపటి కల్లు వేరు. ఏ చెట్టుది, ఏ ఋతువుది, ఏ పొద్దుది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా కల్లు గురించి మాట్లాడలేము. నేటి క్రాఫ్ట్ బీరు సీసాపై ముద్రించే తయారీ తేదీ, బ్యాచ్ సంఖ్య, పద్ధతి పేరు అనే మూడింటికీ ఇవి సమానమైనవి.

ఈ వర్గీకరణకు ముప్పు వచ్చింది. చెట్లు తగ్గిన చోట, గిరాకీ పెరిగిన పట్టణాలలో, చెట్టుతో సంబంధం లేని కల్లు అమ్ముడవుతున్నది. తీపికి శాకరిన్, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, అల్ప్రాజోలం వంటి మందులు కలిపిన ద్రవం అది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించారు. ఈ విషాదంలో రుచిశాస్త్రానికి సంబంధించిన అంశం ఒకటుంది. కల్తీ కల్లుకు పొద్దు లేదు, ఋతువు లేదు, చెట్టు లేదు. ప్రతిరోజూ ఒకే తీపి, ఒకే నురగ. దానికి అలవాటు పడిన నాలుకకు మాపటి కల్లు పులుపు ‘చెడిపోయినది’గా తోస్తుంది. అప్పుడు ‘మాపటి కల్లు’ అనే మాటకు అర్థం మిగలదు. రుచి తెలిసినవారు కల్తీని పట్టేస్తారని దీని భావం కాదు. అల్ప్రాజోలం వంటివి కొద్ది మోతాదులోనే పని చేస్తాయి, నాలుకకు దొరకకపోవచ్చు. వాటిని తేల్చవలసింది ప్రయోగశాలే. నేను చెప్పేది కల్తీకి వీలు కల్పించే స్థితి గురించి. పానీయాన్ని రుచితో కాక మత్తుతో కొలిచే చోట, మత్తును చౌకగా అందించేవాడే నెగ్గుతాడు.

బీరు విషయంలో కూడా ఇదే కొలమానం పని చేస్తున్నది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 నిబంధనల ప్రకారం మద్యశాతం 5 దాటి 8 వరకు ఉన్నది స్ట్రాంగ్ బీరు. దేశంలో అమ్ముడయ్యే బీరులో అధికభాగం ఈ వర్గానిదే. మద్యశాతం పెంచడానికి చక్కెర పదార్థాలు చేర్చిన బీరులో మాల్టు కమ్మదనం పలుచబడి, ఘాటు ఒక్కటే మిగులుతుంది. క్రాఫ్ట్ బీరు పోలికలకు ఈ నేపథ్యంలో ఒక ప్రయోజనం ఉంది. ‘ఎంత ఎక్కింది?’ అనే ప్రశ్న స్థానంలో ‘ఎలా ఉంది?’ అనే ప్రశ్నను అది నిలబెట్టగలదు.

4. పోల్చే పద్ధతి

మైక్రోబ్రూవరీ బీరును పోల్చడంలో ఒక ఆచరణాత్మకమైన చిక్కు ఉంది. ఇది సాధారణంగా తయారైన చోటనే వడ్డించే బీరు. తరచుగా దానిని వడకట్టరు, పాశ్చరీకరించరు. బెంగళూరు ఇందిరానగర్‌లోని బీరును హైదరాబాదుకు తెచ్చి పక్కన పెడితే, మనం పోలుస్తున్నది రెండు బ్రూవరీలను కాదు, తాజా బీరును ప్రయాణం చేసిన బీరుతో. వాయువు తగ్గుతుంది, ప్రాణవాయువు తగిలి వాసన మారుతుంది. వేర్వేరు రోజులలో, వేర్వేరు ఊళ్లలో రుచి చూస్తే ఈ చిక్కు తప్పుతుంది గాని, నిన్నటి నాలుక, నేటి నాలుక ఒకటి కావు.

దీనికి ఒక మార్గం ఆధారనమూనా. రెండు ఊళ్లలోనూ దొరికే, దాదాపు ఒకే తయారీ తేదీ గల, సీలు వేసిన ఒక సాధారణ లాగర్‌ను ఎంచుకోవాలి. ప్రతి ఊళ్లో ముందుగా దానిని రుచి చూసి, దాని చేదును, తీపిని, చిక్కదనాన్ని మధ్యస్థానంగా రాసుకోవాలి. తరువాత స్థానిక బీరును దానికంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని గుర్తించాలి. సంగారెడ్డి కర్మాగారపు సాధారణ లాగర్‌కు పరిశోధనలో ఈ గౌరవస్థానం దొరుకుతుంది. దాని ఏకరూపతే ఇక్కడ గుణం.

రెండవ విషయం పేరు తెలియకుండా రుచి చూడడం. బ్రూవరీ పేరు, ధర, గ్లాసు ఆకారం మూడూ తీర్పును ప్రభావితం చేస్తాయి. నమూనాలకు మూడంకెల సంఖ్యలు ఇచ్చి, ఒకే రకం గ్లాసులో, తలా 50 మి.లీ. చొప్పున ఇవ్వాలి. ఒక పూటకు ఐదారు నమూనాలు దాటితే నాలుక అలసిపోతుంది. మధ్యలో నీరు, ఉప్పు లేని జొన్నరొట్టె ముక్క చాలు. ఊరగాయ తిన్న నోటితో, పాన్ వేసుకున్న నోటితో వచ్చినవారిని ఆ పూటకు పక్కన పెట్టాలి. పాల్గొనేవారు తెలంగాణ చట్టం ప్రకారం 21 ఏళ్లు నిండినవారై ఉండాలి.

అసలు భేదం ఉందో లేదో తేల్చడానికి త్రిక పరీక్ష ఉపయోగపడుతుంది. మూడు గ్లాసులు ఇస్తారు. రెండింటిలో ఒకే బీరు, మూడవదానిలో వేరు. వేరైనదానిని గుర్తించాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు మంది సరిగ్గా చెబుతారు. కనుక 12 మందిలో కనీసం 8 మంది సరిగ్గా గుర్తిస్తేనే ఐదు శాతం ప్రమాణంలో భేదం ఉన్నట్లు లెక్క. ఏడుగురు చాలరు. ‘రెండింటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా’ అని వాదించేవారు ఈ పరీక్ష ముందు తడబడడం అరుదేమీ కాదు.

భేదం ఉందని తేలిన తరువాతే వర్ణన. అమెరికాలో 1985లో ఏర్పడిన బీరు న్యాయనిర్ణేతల ధ్రువీకరణ సంస్థ పత్రంలో మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటిస్పర్శకు 5, సమగ్ర అభిప్రాయానికి 10. రూపానికి మూడే మార్కులన్నది గమనించదగినది. వాసనను ముందు చూడాలి, ఎందుకంటే వాసనకారకాలు త్వరగా ఎగిరిపోతాయి. అతి చల్లని బీరుకు వాసన రాదు. మన దుకాణాలలో ‘చిల్డ్’ అని అడిగి తీసుకునే చల్లదనంలో ఏ రెండు బీర్లూ వేరుగా ఉండవు. లాగర్‌ను సుమారు 6 నుండి 8 డిగ్రీల వద్ద, ఏల్‌ను 10 నుండి 13 డిగ్రీల వద్ద పరీక్షించడం మేలు.

5. రుచిపదజాలం: తెలుగులో ఉన్నదేమిటి?

బీరు వాసనలకు, రుచులకు ఉమ్మడి పరిభాష కావాలనే ఉద్దేశంతో 1970లలో మోర్టెన్ మైల్‌గార్డ్ ఒక చక్రాన్ని రూపొందించాడు. నేడు బ్రూవరీలు వాడే పరిభాషకు అది మూలం. దానిని తెలుగులోకి అనువదించడం సులభంగా కనిపించే తప్పుదారి. ఆ మాటలు ఆ దేశాల వంటయింటి నుండి, అడవి నుండి వచ్చాయి. వెలుతురు తగిలి పాడైన బీరు వాసనకు ఆంగ్లంలో స్కంక్ అనే ఉత్తర అమెరికా జంతువు పేరు వాడతారు. హాప్స్ చేదు పదార్థాలపై కాంతి పడి గంధకం గల పదార్థం పుట్టడం దీనికి కారణం. ఆకుపచ్చ సీసా దీనిని ఆపలేదు, గోధుమరంగు సీసా చాలావరకు ఆపుతుంది. స్కంక్‌ను ఎన్నడూ చూడని రాయికోడ్ పాఠకునికి ఆ పేరు వల్ల ఏ వాసనా తట్టదు. మృగవాసనకు తెలుగులో ‘గవులు’ అనే మాట ఉంది. దానినే స్థిరపరచడం సముచితం.

తెలుగు పరిభాషకు సహజమైన పునాది ఉగాది పచ్చడి. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనే ఆరింటినీ ఒకే ముద్దలో విడదీసి గుర్తించే అభ్యాసం ప్రతి తెలుగు ఇంట్లో ఏటా జరుగుతుంది. ఇందులో బీరు పరీక్షకు అమూల్యమైనది చేదుకూ వగరుకూ ఉన్న భేదం. ఆంగ్లం మాట్లాడే కొత్త పరీక్షకులు ఈ రెండింటినీ తరచుగా కలగలిపివేస్తారని రుచిశిక్షకులు చెబుతారు. మనకు వేపపువ్వు చేదు, మామిడి పిందె వగరు. హాప్స్ ఇచ్చేది వేపపువ్వు వైపు. ధాన్యపు పొట్టును మితిమీరి వేడినీటితో కడిగినప్పుడు దిగే టానిన్ ఇచ్చేది మామిడి పిందె వైపు. మొదటిది బీరు గుణం, రెండవది చాలా బీర్లలో దోషం. శాస్త్రపరంగా వగరు, కారం నాలుక రుచులు కావు, స్పర్శానుభూతులు. పచ్చడి వర్గీకరణ ఆ భేదాన్ని పాటించదు. పరీక్షపత్రంలో వగరును నోటిస్పర్శ కింద నమోదు చేస్తే ఇబ్బంది తీరుతుంది. తెలంగాణలో దీనినే ‘ఒగరు’ అంటారు. పత్రంలో రెండు రూపాలూ ఉండాలి.

వాసనల దోషాలకు వంటయింటి మాటలు సూటిగా సరిపోతాయి. పులియబెట్టడం పూర్తికాక ముందే తీసిన బీరులో డైఅసిటైల్ అనే పదార్థం మిగిలితే వెన్న కాచేటప్పటి కమ్మని వాసన వస్తుంది. నేతికి అది అందం, లాగర్‌కు దోషం. ‘కమ్మదనం’ అనే మాటను మెచ్చుకోలుగా మాత్రమే వాడే మనకు ఇక్కడ జాగ్రత్త కావాలి. లేత మాల్టు రసాన్ని తగినంత మరిగించకపోతే ఉడికిన మొక్కజొన్న కండె వాసన నిలుస్తుంది. పాతబడిన బీరుకు తడిసిన అట్టపెట్టె వాసన. చెమ్మ తగిలిన మాల్టుకు ముక్కిన బియ్యం వాసన. పాత హాప్స్‌కు కనరు వాసన. నల్లని మాల్టు హద్దు దాటితే మాడు వాసన. హద్దులో ఉంటే వేయించిన కాఫీగింజ వాసన. ఈ మాటలలో ఏదీ కొత్తగా కల్పించవలసినది కాదు.

నోటిస్పర్శకు చిక్కన, పలుచన అనే జంట ఉంది. వాయువు చేసే చురుకుదనానికి ‘ఘాటు’ను వాడవచ్చు గాని, మద్యపు వేడికి కూడా అదే మాట వాడుకలో ఉన్నందున రెండింటినీ విడదీయాలి. వాయువుకు ‘చురుకు’, మద్యానికి ‘ఘాటు’ అని నిర్ణయించుకోవచ్చు. రూపానికి తేట, మడ్డి అనే మాటలు కల్లు నుండి నేరుగా వస్తాయి. గోధుమ బీరుకు మడ్డి గుణం, పిల్స్‌నర్‌కు దోషం. వాయువు, రుచి రెండూ పోయిన బీరుకు ‘సప్పగ’ కంటే మంచి మాట లేదు. మింగిన తరువాత నిలిచే రుచికి మాత్రం స్థిరమైన వాడుకమాట కనిపించదు. దానిని ‘అనురుచి’ అని వ్యవహరించాలని సూచిస్తున్నాను.

6. జొన్న బీరు ప్రశ్న

రాయికోడ్ నేల బీరు గ్లాసులోకి ప్రవేశించాలంటే మిగిలిన దారి జొన్న. ఇది ఊహ కాదు. ఆఫ్రికాలో జొన్న బీరు ప్రాచీనమైనది. బుర్కినా ఫాసోలో డోలో, ఉత్తర నైజీరియాలో బురుకుటు, దక్షిణాఫ్రికాలో మొక్కజొన్న కూడా కలిసే ఉంకోంబోతి ఇటువంటివే. ఉంకోంబోతి వంటివి మడ్డిగా, పుల్లగా, ఇంకా పులుస్తూ ఉండగానే త్రాగేవి. మన అంబలికి, కల్లుకు నడుమ వాటిని ఊహించుకోవచ్చు. 1988లో నైజీరియా బార్లీ మాల్టు దిగుమతిని నిషేధించినప్పుడు అక్కడి పెద్ద కర్మాగారాలు జొన్నతో లాగర్ తయారుచేయవలసి వచ్చింది, చేశాయి కూడా.

సాంకేతికంగా రెండు అడ్డంకులు ఉన్నాయి. జొన్న పిండిపదార్థం సుమారు 70 డిగ్రీల వేడి దగ్గర గాని జావగా మారదు. పిండిని చక్కెరగా మార్చే ముఖ్యమైన ఎంజైములలో ఒకటి ఆ వేడికి నశిస్తుంది. పైగా అది జొన్న మాల్టులో స్వతహాగానే తక్కువ. అందుచేత జొన్నను ముందు ఉడికించి, చల్లార్చి, తరువాత ఎంజైములు చేర్చాలి, లేదా బార్లీ మాల్టు తోడు తీసుకోవాలి. రెండవది, జొన్న మొలకలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. అది విడిపోతే సైనైడు వస్తుంది. లేత జొన్న మేసిన పశువు పడిపోతుందని రైతుకు తెలిసిన విషయమే. మొలకెత్తిన జొన్నను ఎండబెట్టి వేళ్లనూ మొలకనూ పూర్తిగా తొలగించడం ఇందువల్ల తప్పనిసరి. లైసెన్సు లేని ఇంటి ప్రయోగాలకు ఇది తగిన ధాన్యం కాదు. చట్టం కూడా అందుకు అనుమతించదు.

రుచి వైపు నుండి చూస్తే జొన్నలోని వైవిధ్యమే ఆకర్షణ. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుండి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు జహీరాబాదు ప్రాంతంలో అనేక జొన్న రకాల విత్తనాలను నిలబెట్టాయి. ఏటా జరిగే పాత పంటల జాతరలో వాటిని చూడవచ్చు. పచ్చజొన్న, తెల్లజొన్న, ఎర్రజొన్నల రొట్టె రుచి భేదాన్ని అక్కడి స్త్రీలు నోట పెట్టుకోగానే చెబుతారు. ఎర్రజొన్నంతా వగరు అనుకోవడం సరికాదు. వగరుకు కారణమైన టానిన్ గింజ పైరంగులో కాదు, లోపలి రంగుపొరలో ఉంటుంది. ఆ పొర లేని ఎర్రజొన్నకు వగరు అంతగా ఉండదు. రంగు చూసి రుచిని ఊహించే పరీక్షకుణ్ణి తికమకపెట్టడానికి ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

ఆహారధాన్యాన్ని బీరుకు మళ్లించవచ్చునా అనే అభ్యంతరం న్యాయమైనది. విత్తనాన్ని ఆకలి కోసం కాపాడిన సంఘాలను అడగకుండా ఆ ధాన్యానికి క్రాఫ్ట్ బీరు పట్టికలో చోటు కల్పించడం మర్యాద కాదు. పరిశోధన స్థాయిలో మాత్రం చిన్న పరిమాణం చాలు. లైసెన్సు గల ఒక మైక్రోబ్రూవరీలో, ఒకే నీటితో, ఒకే ఈస్ట్‌తో, ఒకే వేడిలో మూడు జొన్న రకాలతో మూడు చిన్న బ్యాచ్‌లు తీయాలి. పరీక్షకుల బల్ల దగ్గర బ్రూవరీ శిక్షణ పొందినవారితో పాటు గీత కార్మికులు, జొన్నరొట్టె చేసే స్త్రీలలో రుచి చూడడానికి ఇష్టపడినవారు కూర్చోవాలి. మింగడం ఇష్టంలేనివారు వాసన పరీక్షలోనే పాల్గొనవచ్చు. వారిచేత వగరును సున్న నుండి పది వరకు అంచనా వేయించి, ప్రయోగశాలలో కొలిచిన టానిన్ పరిమాణంతో సరిచూడాలి. ఏ బృందపు అంచనా కొలతకు దగ్గరగా వస్తుందో చూడాలి. ఆ కూర్పులో వినిపించిన ప్రతి రుచిపదాన్నీ, పలికినవారి ఊరు, వృత్తి, వయస్సులతో సహా, ప్రమాణభాషలోకి మార్చకుండా పలికినది పలికినట్లే నమోదు చేసుకోవాలి.